మొదటి మాట ఆమోసు గారిది

ఢిల్లీ ఆర్.కె. పురంలోని తెలుగు సంఘానికి సొంత చర్చి లేకపోయినా సొంత ఆనవాయితీలకు లోటు లేదు. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయంటే చాలు, అయ్యగారు, అంటే పాస్టరు గారు, యేసు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్నీ ఏడుగురు పెద్దలకు పంచేస్తారు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఆ ఏడుగురూ వరసగా లేచి ఎవరి మాట మీద వాళ్ళు కాసేపు ప్రసంగించాలి. కాసేపని అయ్యగారు అంటారు గానీ, మైకు చేతికొచ్చాక మనవాళ్ళు దాన్ని వదిలితేగా! దాహం గురించిన మాట దక్కినాయన పోయినేడు జనానికి నిజంగానే నోరెండిపోయేదాకా మాట్లాడాడు.

మొదటి మాట మాత్రం పంపకానికి రాదు. అది క్షమాపణ మాట. తనకు మేకులు కొట్టినవాళ్ళను క్షమించమని యేసు తన తండ్రైన దేవుణ్ణి వేడుకున్న మాట. అది ఆమోసు గారిదని సంఘంలో అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు. క్షమించి చూపించిన మనిషి కళ్ళెదుట ఉండగా ఇంకొకరికి ఎలా ఇస్తారు?

ఆమోసుది రేపల్లె. సెంట్రల్ గవర్నమెంటులో సెక్షన్ ఆఫీసరు. భార్య జ్ఞానకుమారి ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఒక్కతే కూతురు, ఎల్సా. నాలుగేళ్ళ కిందట, తొంభై నాలుగులో, ఆమోసు తమ్ముడు నథానియేలు ఒక పెళ్ళి విందులో తాగి, ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా ఎల్సాని స్కూటరు వెనకాల ఎక్కించుకున్నాడు. ఎర్రలైటు దాటించి తీసుకెళ్ళి ట్రక్కుకి కొట్టాడు. అతనికి నాలుగు గీతలు పడ్డాయి. ఎల్సా కుడి మోకాలు నుజ్జయింది. లోపల కడ్డీ వేసి కాలైతే నిలబెట్టారు గానీ మోకాలు ఇక వంగదు. అమ్మలాగా నర్సునవుతానని చిన్నప్పుడు బొమ్మలకు కట్లు కట్టిన పిల్ల, నర్సింగు ఎంట్రన్సు పాసై కూడా, కాలు మూలాన మెడికల్ ఫిట్‌నెస్ పరీక్షలో పోయింది. ఇప్పుడు ఇష్టం లేని కంప్యూటర్ కోర్సు చేస్తోంది.

సంఘం ఊరుకోలేదు. పెద్దలు కూర్చుని నథానియేలుని ప్రభువు బల్లకు దూరం పెట్టారు. అంటే రొట్టె, ద్రాక్షారసం అందరికీ ఇచ్చే వేళ అతను వెనక బెంచీలో తలొంచుకుని కూర్చోవాలి. ఏడాదిపాటు కూర్చున్నాడు. తాగుడు మానేశాడు, అది నిజం. ఏడాది తిరిగాక, అతన్ని మళ్ళీ చేర్చుకునే ఆదివారం నాడు అయ్యగారు ఆమోసుని సంఘం ఎదుట నిలబెట్టారు. "మీ కుటుంబానికి జరిగిన కీడును క్షమిస్తున్నారా?" అని అడిగారు. "క్షమించాను" అన్నాడు ఆమోసు. అన్నదమ్ములు కావిలించుకున్నారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆమోసుని సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. ప్రతి గుడ్ ఫ్రైడేకీ ఆ కావిలింత కథ చెప్పడం, జనం ముక్కులు ఎగబీల్చడం అప్పటినుంచీ నడుస్తోంది.

ఈ ఏడు అయ్యగారు దానికి ఇంకాస్త మెరుగు పెట్టారు. "బ్రదర్, చివర్లో తమ్ముణ్ణి కూడా ముందుకి పిలవండి. అందరి ఎదుటా ఇంకోసారి కావిలించుకోండి. జనానికి గుర్తుండిపోద్ది," అన్నారు. ఆమోసు సరేనన్నాడు. నథానియేలు ఆ రోజు కోసం తెల్లచొక్కా ఇస్త్రీకి కూడా ఇచ్చుకున్నాడు.

ఆ వారం మొదట్లో ఒక సాయంత్రం, ఆమోసు క్వార్టర్సులో కూలర్ ముందు కూర్చుని ప్రసంగం పైకి చదువుకుంటున్నాడు. బలి లేనిదే క్షమాపణ లేదన్న చోటికి వచ్చేసరికి, పక్క గదిలోంచి ఎల్సా గొంతు వినిపించింది.

"క్యోఁ?"

"ఏంటమ్మా క్యోఁ?"

ఎల్సా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. "బలి ఎందుకు డాడీ? గాడ్ కో మాఫ్ కర్నా హై, తో కర్ దే. ఊరికే క్షమించెయ్యొచ్చుగా. ఖూన్ క్యోఁ చాహియే? రక్తమెందుకు?"

తెలుగులో మాట్లాడుతుంటే హిందీలో జవాబు రావడం ఆమోసుకి మామూలుగానే చిరాకు. జవాబు తెలియని ప్రశ్న హిందీలో రావడం ఇంకా చిరాకు.

"దేవుడు న్యాయవంతుడు. తప్పుకి శిక్ష పడాల్సిందే," అన్నాడు. "ఒక జడ్జి ఉన్నాడనుకో. దోషికి ఉరిశిక్ష వేశాడు. వేసి, ఆ దోషిని వదిలేసి, వాడి బదులు తన సొంత కొడుకుని ఉరికంబం ఎక్కించాడు. అదీ ప్రేమంటే."

"అది ప్రేమ కాదు, స్కాండల్. అలాంటి జడ్జిని సస్పెండ్ చేస్తారు. తప్పు చేసినోడు హాయిగా ఇంటికెళ్ళాడు. ఏం చెయ్యనోడు చచ్చిపోయాడు. ఇందులో న్యాయం ఎక్కడుంది?"

"పాత నిబంధన కాలంలో మేకని..."

"మేకేం చేసింది పాపం?"

వంటింట్లో జ్ఞానకుమారి నవ్వు ఆపుకోలేక దగ్గింది. ఆమోసుకి ఒళ్ళు మండింది. "మీ తల్లీకూతుళ్ళకి నవ్వులాటగా ఉందే! శుక్రవారం జనం ముందు నిలబడేది నేను," అన్నాడు.

ఎల్సా నవ్వలేదు. "ఈ ఫ్రైడే కూడా బాబాయి కథే చెబుతారా?"

"చెబుతాను. అది నా సాక్ష్యం."

"చెబితే నేను మధ్యలో లేచి వెళ్ళిపోతా. నా నడక స్లో కదా, గేటు దాకా పోయేసరికి అందరూ తీరిగ్గా చూడొచ్చు. తర్వాత ఇంక ఏ చర్చికీ రాను. పక్కా." గొంతు పెంచకుండా అనేసి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల ఉత్తినే బెదిరించే రకం కాదని ఆమోసుకి తెలుసు. అందుకే భయమేసింది. కాలు పోయినప్పుడు కూడా చర్చి మానలేదు ఎల్సా. ప్రార్థన వేళ సంఘమంతా మోకాళ్ళూని వంగితే, తనొక్కతే నిటారుగా కూర్చునేది. కళ్ళు మూసుకోవాల్సిన జనం వేళ్ళ సందుల్లోంచి చూసేవాళ్ళు. అయినా వచ్చేది. అలాంటి పిల్ల ఇప్పుడు రానంటోంది. కాలు తీసుకున్న ప్రమాదం కూడా తీసుకోలేనిదాన్ని తన ప్రసంగం తీసుకుపోయేలా ఉంది.

భయం పోగానే కోపం వచ్చింది. క్షమించడం తప్పా? తమ్ముణ్ణి జన్మంతా వెనక బెంచీలో కూర్చోబెట్టాలా? ఆదివారం నథానియేలు భోజనానికొస్తే ఈ పిల్ల కంచం పట్టుకుని గదిలోకి పోతుంది. పలకరిస్తే తలూపుతుంది. కథ చెప్పొద్దంటుంది, బలి ఎందుకంటుంది. ఒక్కదానికైనా సరైన జవాబు చెప్పగలిగితే ఈ మొండితనం కాస్త తగ్గుతుందేమోనని అతని ఆశ.

బైబిలు వ్యాఖ్యాన గ్రంథం అటక మీంచి దింపాడు. దుమ్ముకి తుమ్ములొచ్చాయి గానీ జవాబు రాలేదు. ఆ రాసినాయన దేవుని ఉగ్రత, దేవుని న్యాయం, దేవుని మహిమ అంటూ పేజీలకు పేజీలు దంచాడు. ఆయనకు ఎల్సాలాంటి కూతురు లేదని మాత్రం స్పష్టంగా తెలుస్తోంది.

మర్నాడు అయ్యగారికి ఫోన్ చేశాడు. "వందనాలండి అయ్యగారూ. క్షమాపణకి బలి ఎందుకు కావాలంటే ఏం చెప్పాలండి?"

"ఎవరడిగారు?"

"మా అమ్మాయండి."

"పిల్లలు కాలేజీకెళ్ళాక అలాగే అడుగుతారు బ్రదర్. మీరు లోతుకి పోకండి. జనం ఎండకి తట్టుకోవాలిగా. సాక్ష్యం చెప్పి, తమ్ముణ్ణి పిలవండి. దాంతో అన్ని ప్రశ్నలూ కన్నీళ్ళలో కొట్టుకుపోతాయి," అన్నారు అయ్యగారు. ఆమోసు ఫోన్ పెట్టేసి దాన్ని కాసేపు కొరకొరా చూశాడు.

బుధవారం ఆఫీసులో ఇంకో గొడవ. పార్లమెంటు ప్రశ్నకి జవాబు మర్నాడు పొద్దున్నే పైకి వెళ్ళాలి. టైపు చేసిన కాగితాలన్నీ బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. టైపిస్టు ఛాయాదేవి, విజయనగరం అమ్మాయి, వాటిని సర్దబోయి వాటి మీదే టీ గ్లాసు బోర్లించింది. కార్బన్ కాపీలతో సహా అన్నీ తడిసి ముద్దయ్యాయి. అప్పటికే ఆఫీసు వదిలే వేళయింది.

"సార్, నన్ను క్షమించండి సార్. పిల్లాడికి జ్వరం, బుర్ర ఎక్కడో ఉంది," అంటూ ఛాయాదేవి ఏడ్చినంత పని చేసింది.

"పోన్లేమ్మా, ఫర్వాలేదు. మీరు ఇంటికెళ్ళండి," అన్నాడు ఆమోసు. అన్నాక కాసేపు తన మీద తనకే ముచ్చటేసింది. ఆమె దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. గది ఖాళీ అయ్యాక తెలిసొచ్చింది, 'ఫర్వాలేదు' అన్నంత మాత్రాన కాగితాలు ఆరిపోవని. సిరా అలుక్కుపోయిన అంకెల్ని వెలుతురుకి పట్టి చూసుకుంటూ, రెండు వేళ్ళతో టైపు కొడుతూ కూర్చున్నాడు. రోజూ ఎక్కే చార్టర్డ్ బస్సు కిటికీలోంచి చూస్తుండగానే వెళ్ళిపోయింది. మెడ పట్టేసింది. ఛాయాదేవిని మనసులో నానా తిట్లూ తిట్టాడు. అంతలోనే, క్షమించానని చెప్పి మళ్ళీ తిట్టడమేమిటని సిగ్గుపడ్డాడు.

పని ముగించి బ్లూలైన్ బస్సు పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే నిజంగా పట్టుకున్నాడు, లోపల చోటు లేక ఫుట్‌బోర్డు మీద కడ్డీ పట్టుకుని వేలాడాడు. ఎవరిదో టిఫిన్ క్యారియర్ డొక్కలో పొడుస్తోంది. ఈపాటికి ఛాయాదేవి పిల్లాడికి జావ పడుతుంటుంది, నేనేమో ఇక్కడ వేలాడుతున్నాను అనుకున్నాడు చిరాగ్గా. అలా అనుకోగానే చటుక్కున ఏదో వెలిగింది.

ఆమె చేసిన తప్పు తన మాటతో మాయమైపోలేదు. ఆమె నెత్తి మీంచి దిగి తన నెత్తిన కూర్చుంది, అంతే. తప్పు వల్ల జరిగిన నష్టాన్ని ఎవరో ఒకరు మొయ్యాల్సిందే. చేసినవాడి చేత మోయిస్తే శిక్ష. నష్టపోయినవాడే నోరెత్తకుండా మోస్తే క్షమాపణ. ఊరికే క్షమించడమనేది లోకంలో లేనే లేదు! దేవుడు ఎవరో మూడో మనిషిని పట్టుకొచ్చి బలి ఇవ్వలేదు. తానే మనిషై దిగివచ్చి, ఎవరి పట్ల తప్పు జరిగిందో ఆయనే ఆ బరువెత్తుకున్నాడు. జడ్జీ కాదు, జడ్జిగారి కొడుకూ కాదు. క్షమించినవాడూ, రక్తం కార్చినవాడూ ఒక్కడే.

స్టాపు దాటిపోయేదాకా దిగడం మర్చిపోయాడు ఆమోసు.

చెమటతో తడిసిన చొక్కాతో, బూట్లు కూడా విప్పకుండా ఎల్సా గదిలోకి వెళ్ళాడు. "దొరికిందమ్మా!" అంటూ మంచం అంచున కూర్చుని, టీ గ్లాసు దగ్గర్నుంచి ఫుట్‌బోర్డు దాకా చెప్పుకొచ్చాడు. ఎల్సా పుస్తకం మూసి వింది. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. తువ్వాలు ఇవ్వడానికొచ్చిన జ్ఞానకుమారి గుమ్మంలోనే ఆగిపోయి వింది.

"యే ఠీక్ హై," అంది ఎల్సా చివరికి. "జడ్జి కన్నా చాలా బాగుంది డాడీ. నిజంగా."

ఆమోసు మనసు పొంగిపోయింది. ఆ పిల్ల నోట మెచ్చుకోలు విని ఎన్నాళ్ళయిందో!

"మరి బాబాయిని క్షమించినప్పుడు మీరేం మోశారు?" అని అడిగింది ఎల్సా.

ఆమోసు మంచం అంచున ఇంకాస్త వెనక్కి జరిగాడు. తర్వాత, "అదేంటమ్మా, తండ్రిని, నాకు మాత్రం బాధ లేదా?" అన్నాడు.

"బాధ ఉంది. నాకు తెలుసు. కానీ మోసిందేంటి? మీ తమ్ముడు మీకు తిరిగొచ్చాడు. పెద్దరికం వచ్చింది. మొదటి మాట వచ్చింది." ఎల్సా తన కాలి వంక చూపించింది. "కాలు నాది. మాఫ్ చేసింది మీరు. ఆ రోజు నన్నెవరూ అడగలేదు. నేను నాలుగో వరసలోనే ఉన్నా కదా డాడీ."

"అంటే నేను చేసింది నాటకమంటావా?" ఆమోసు గయ్యిమని లేచాడు. "నాలుగేళ్ళుగా నిన్ను ఆసుపత్రుల చుట్టూ తిప్పిందెవరు? నిన్ను తలచుకుని ఏడవని రోజుందా? తండ్రినే బోనులో నిలబెడతావా?" ఇంకా ఏవేవో అన్నాడు. అన్న ప్రతి మాటా నిజమే, ఒక్కటీ ఆమె అడిగినదానికి జవాబు కాదు. అది తెలుస్తున్నకొద్దీ గొంతు పెరిగింది. ఎల్సా మళ్ళీ పుస్తకం తెరిచి, చదవకుండా పేజీ వంక చూస్తూ కూర్చుంది.

అతను ముందు గదిలోకి వచ్చి కూలబడ్డాడు. జ్ఞానకుమారి మంచినీళ్ళు తెచ్చింది.

"నువ్వైనా చెప్పొచ్చుగా దానికి," అన్నాడు.

"ఏం చెప్పమంటారండీ? ఆ రోజు అందర్తోపాటు నేనూ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకున్నా. పక్కనున్న పిల్ల వంక చూళ్ళేదు. కన్నతల్లిని, నాకే తోచలేదు," అంది ఆమె. ఆమె గొంతు కూడా కోపంగానే ఉంది, అయితే అది అతని మీద కాదు. "లేవండి, అన్నం తిందురుగాని."

గురువారమంతా ఆమోసు ప్రసంగం ముట్టుకోలేదు. అయ్యగారి దగ్గర్నుంచి ఫోనొస్తే తలనొప్పిగా ఉందని చెప్పించాడు.

శుక్రవారం మధ్యాహ్నం, తెలుగువాళ్ళు చోటు అడిగి తీసుకున్న చర్చి లోపల ఇంగ్లీషు సంఘం ఆరాధన జరుగుతోంది. తెలుగువాళ్ళకు ఎప్పటిలాగే వెనక పెరట్లో షామియానా, అద్దె కుర్చీలు, కింద జంపఖానాలు. ఏప్రిల్ ఎండ గుడ్డలోంచి కూడా చురుక్కుమంటోంది. నథానియేలు మొదటి వరసలో తెల్లచొక్కాలో కూర్చున్నాడు. ఎల్సా నాలుగో వరస చివర, కాలు చాపుకోవడానికి వీలైన చోట కూర్చుంది. ఆమె చేతిసంచీ ఒళ్ళోనే ఉంది. లేవడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంది.

పాట అయ్యాక అయ్యగారు చిరునవ్వుతో, "మొదటి మాట, మన ఆమోసు గారు," అన్నారు.

ఆమోసు మైకు ముందుకొచ్చాడు. బలి ఎందుకన్నది చెప్పాడు. టీ గ్లాసు కథ చెబితే జనం నవ్వారు. మోసినవాడే క్షమించినవాడని చెబితే తలలూపారు. అక్కడ ఆగాడు. ఇక తమ్ముడి కథే తరువాయి అని అందరికీ తెలుసు. అయ్యగారు నథానియేలుకి సైగ చేశారు. అతను కుర్చీలోంచి సగం లేచాడు. నాలుగో వరసలో ఎల్సా చేయి సంచీ పట్టీ మీద బిగుసుకుంది.

"ఈ మాట అనే హక్కు మేకులు దిగినవాడికే ఉందండీ," అన్నాడు ఆమోసు. "మా తమ్ముణ్ణి క్షమించానని మీ అందరి ముందూ అన్నాను. ఆ మేకులు దిగింది నాకు కాదు. మా అమ్మాయికి. దాన్ని నేను అడగలేదు. అయ్యగారు అడగలేదు. మీరెవరూ అడగలేదు. దాని కాలు పెట్టి నేను పెద్దమనిషినయ్యాను. ఆ మాట నాది కాదు. అందుకని వెనక్కి తీసుకుంటున్నాను."

గుడ్ ఫ్రైడే నాడు క్షమాపణ వెనక్కి తీసుకున్నవాణ్ణి వాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు. "ఇదేం పోయేకాలం!" అని ఎవరో ముసలావిడ పైకే అంది. "బ్రదర్, బ్రదర్..." అంటూ అయ్యగారు లేచారు. నథానియేలు సగం లేచినవాడు అలాగే ఉండిపోయి, మెల్లిగా కూలబడ్డాడు.

"ప్రార్థన చేసుకుందాం," అని మైకు అయ్యగారి చేతిలో పెట్టేశాడు ఆమోసు. ఏ మాట ముగిసినా సంఘం మోకాళ్ళూనాలి, అది నియమం. ఏం చెయ్యాలో తోచని జనం ఆ నియమాన్నే పట్టుకుని జంపఖానాల మీదికి దిగారు. అయ్యగారు కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోయినా మొదలుపెట్టారు.

వంగిన వీపుల మధ్య నుంచి ఆమోసు నాలుగో వరసకి నడిచాడు. 'నన్ను క్షమించమ్మా' అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. అది కూడా ఆ కాలి మీద ఇంకో బరువే కదా అని తోచి మింగేశాడు. పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

"డాడీ, మోకాళ్ళూనండి," అంది ఎల్సా గుసగుసగా. "సబ్ దేఖ్ రహే హైఁ."

"చూడనీ."

"సంఘ పెద్ద కూర్చునుంటే బాగోదు."

"నాలుగేళ్ళుగా నువ్వు కూర్చోలేదూ?"

ఎల్సా సంచీ తీసి కింద పెట్టింది. మొదటి వరసలో నథానియేలు మోకాళ్ళ మీదే ఉన్నాడు, కానీ అందరిలా ముందు నిలబెట్టిన సిలువ వైపు తిరిగి లేడు. వెనక్కి తిరిగి ఎల్సా వంకే చూస్తున్నాడు. ఈ నాలుగేళ్ళలో అతను అన్నను అడిగాడు, పెద్దల్ని అడిగాడు, అయ్యగారి కాళ్ళ మీద పడ్డాడు. ఆ పిల్ల ముఖంలోకి మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు. ఎల్సా చూపు తిప్పుకోలేదు.

"నేనింకా మాఫ్ చెయ్యలేదు," అంది తండ్రితో, అటే చూస్తూ. "ముందే చెబుతున్నా. చేస్తానో లేదో కూడా తెలీదు."

"సరేనమ్మా."

ఉక్రోషానికో ఏమో, అయ్యగారి ప్రార్థన ఎంతకీ ముగియడం లేదు. వీపులు లేచి ముఖాలు తన వైపు తిరగబోతున్నాయని ఆమోసుకి తెలుసు. చిన్నప్పట్నించీ అలవాటైన మోకాళ్ళు వంగిపోదామని తొందర పడుతుంటే, వాటిని రెండు చేతులతో అదిమి పట్టుకుని, ఆమెన్ అనేదాకా కూతురి పక్కన నిటారుగా కూర్చున్నాడు.